ముందు పేరు తెలియదు

మా పల్లెలో మనిషికి మూడు పేర్లు. కన్నతల్లి పిలుచుకునేది ఒకటి. బాప్తిస్మమప్పుడు పాస్టరుగారు పెట్టేది ఒకటి. ఊళ్లోవాళ్లు పిలిచేది ఒకటి. మొదటి రెండూ పల్లె పొలిమేర దాటేవి కావు. ఊళ్లో అడుగు పెట్టామంటే మూడోదే. మా తాతని పల్లెలో యాకోబయ్య అనేవాళ్లు. ఊళ్లో మీసం మొలవని పిలగాడు గూడా 'ఒరే యాకోబుగా' అని కేకేసేవాడు. తాత 'అయ్యా' అని పలుక్కుంటా పరిగెత్తేవాడు. తన పేరు చివరుండాల్సిన 'అయ్య'ని తీసి ఎదుటోడి చేతిలో పెట్టి రావడం ఆయన బతుకంతా చేసిన పని.

శూద్రుడి పేరు వింటే ఏవగింపు పుట్టాలని మనువు రాసిపెట్టాడు. నాలుగు వర్ణాలకీ నాలుగు రకాల పేర్లు లెక్కగట్టినవాడు ఐదోవాళ్లమైన మమ్మల్ని ఆ లెక్కలోకి తీసుకోనే లేదు. అంటే మా పేర్లు ఎవరి నోటికొచ్చినట్టు వాళ్లు పిలుచుకోవచ్చు.

నేను రాయబోయేది అట్టాంటి ఒక పేరు కథ. ప్రకాశం జిల్లాలోని మా మాదిగపల్లెలో మొదలై, అమెరికాలో ఒక కోర్టు దాకా పోయి, తిరిగి నా చేతిలోని బడి రిజిస్టరు దగ్గరికొచ్చిన కథ. నేను సెకండరీ గ్రేడ్ టీచర్ని. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటివాళ్లం ఇద్దరం. మా పెదనాన్న కొడుకు, ఆయన వెనక నేను. అన్న పేరు ఇక్కడ రాయను. ఎందుకు రాయనో చదివితే మీకే తెలుస్తుంది.

మా తాతకి యాకోబు అనే పేరు ఎట్టా వచ్చిందో ముందు చెప్పాలి. 1876 నుంచి 78 దాకా ధాత కరువు. జనం పిట్టల్లా రాలిపోయారు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని మావాళ్లకి పని చూపించాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందులో ఎక్కువమంది మాదిగలు. మా వంశంవాళ్లు ఆ లెక్కలో ఉన్నారో లేరో చూపించడానికి కాగితం లేదు. ఉన్నారనే మా నాయనమ్మ చెప్పేది. ఆ తర్వాతి తరాల్లో ఎంకడు, పోలిగాడు అనే పిలుపుల పక్కన యాకోబులు, పౌలులు, మార్తలు పుట్టుకొచ్చారు. మనిషి మనిషిగా వినపడే పేరు మావాళ్లకి మొదట ఏట్లో దొరికింది.

కానీ ఆ పేరుకి ఖరీదుంది. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు, హిందూ మతంలో లేనివాడు షెడ్యూల్డు కులంవాడు కాడంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్నీ ముస్లింలనీ ఈనాటికీ చేర్చలేదు. మతం మారినా మా కులం మమ్మల్ని వదల్లేదు గానీ, ప్రభుత్వం మాత్రం వదిలేసింది. అందుకని బళ్లో ఏ పేరుండాలి, గుళ్లో ఏ పేరుండాలి అన్నది మా పల్లెల్లో బతుకు లెక్క. ఎవరింట్లో ఏం రాయించారో ఇక్కడ రాయను. రాస్తే అది ఎవరి చేతికి అందుతుందో మీకు తెలుసు. మా నాయనమ్మ మాత్రం బైబిల్లో యాకోబు కథ చెప్పి నవ్వేది. 'ఆ యాకోబు గూడా గుడ్డి తండ్రి ముందు నేనే ఏశావునని పేరు మార్చి చెప్పే గదరా దీవెన తెచ్చుకుంది. దీవెన ఒక్కడికే దాచిపెట్టిన ఇంట్లో చిన్నోడు ఏం జేస్తాడు?' అనేది. మళ్లీ తనే, 'ఆ తర్వాత ఒక రాత్రి దేవుడు నీ పేరేందిరా అని మళ్లీ అడిగాడు. ఈసారి నిజం చెప్పాడు. చెప్పినాకే కొత్త పేరొచ్చింది' అనేది.

అన్నని బళ్లో వేసిన రోజు గురించి పెదనాన్న చాలాసార్లు చెప్పాడు. మేష్టరు బల్ల దగ్గరికి రానీలేదు. గుమ్మం బయట నిలబెట్టే అడిగాడు. 'పేరేందిరా?' చెప్పాడు. 'కులం?' అడగకుండానే రాసుకున్నాడు. ఇంటిపేరు అడగలేదు. మాకు ఇంటిపేరు లేక కాదు. మాకూ ఉంటుందని ఆయనకి తోచలేదు. కులం గడి నిండింది, ఇంటిపేరు గడి ఖాళీగా ఉండిపోయింది. ఆ ఖాళీ గడి అన్నతో పాటే పెరిగింది. టెన్త్ సర్టిఫికెట్టులో కెక్కింది. ఇంజినీరింగు పట్టాలో కెక్కింది. పాస్‌పోర్టులో కెక్కింది. టెన్త్ సర్టిఫికెట్టులో ఒకసారి పడ్డ పేరు మార్పించాలంటే చెప్పులు అరిగిపోతాయని తెలిసినవాళ్లకి తెలుసు. హాస్టల్లో పురుగులన్నం తిని చదువుకున్నవాడికి అంత తీరిక ఎక్కడిది?

1999లో అన్న అమెరికా పోయాడు. కంప్యూటర్ల వాళ్లని విమానాల నిండా తీసుకుపోతున్న కాలం. ఒకే ఒక్క పేరున్న పాస్‌పోర్టుని అమెరికావాళ్లు ఏం చేస్తారంటే, ఆ ఉన్న ఒక్క పేరునీ ఇంటిపేరు గడిలో వేస్తారు. ముందు పేరు గడిలో ఎఫ్.ఎన్.యు. అని మూడక్షరాలు వేస్తారు. ఫస్ట్ నేమ్ అన్‌నోన్. ముందు పేరు తెలియదు అని. వీసా మీద అదే. డ్రైవింగ్ లైసెన్సు మీద అదే. ఆసుపత్రిలో నర్సు 'ఫ్నూ, ఫ్నూ' అని పిలుస్తుంటే ఎవరినో అనుకుని కూర్చునేవాడంట. ఆఫీసులో అదే అసలు పేరనుకుని కొందరు ముద్దుగా గూడా పిలిచారంట. మా ఊరి మేష్టరు వదిలేసిన గడిని పదివేల మైళ్ల అవతల ఇంకో గుమాస్తా నింపాడు, 'తెలియదు' అని.

పంతొమ్మిదేళ్లు ఆ పేరుతోనే బతికాడు. గ్రీన్‌కార్డు వచ్చింది. ఐదేళ్లు దాటింది. 2018లో పౌరసత్వానికి దరఖాస్తు పెట్టేటప్పుడు ఒక రాత్రి నాకు ఫోన్ చేశాడు.

'ఒరే తమ్ముడా, ఈ ఫారంలో ఒక గడి ఉందిరా. నీ పేరు చట్టప్రకారం మార్చుకుంటావా అని అడుగుతున్నారు. ఏం రాయమంటావు?'

నాకు వెంటనే మాట రాలేదు. మా వంశంలో అట్టా అడిగించుకున్న మొదటి మనిషి ఆయన.

'మీ వదిన రావు అని పెట్టుకుందామంటోంది. పిల్లలకి బాధుండదంట' అన్నాడు.

నాకు కోపం నషాళానికెక్కింది. అంబేద్కర్ బొమ్మ ముందు ఇంటరు నుంచి ఉపన్యాసాలు దంచినవాణ్ణి. 'సిగ్గులేదా అన్నా? సముద్రాలు దాటిపోయి గూడా దొంగ తోక తగిలించుకుంటావా?' అన్నాను. అన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత నిదానంగా చెప్పాడు. అక్కడ తెలుగువాళ్ల పండగ భోజనాలకి పోతే ప్లేటు చేతికి రాకముందే అడుగుతారంట, మీదే ఊరండీ అని. ఊరు చెబితే, ఊళ్లో ఎవరి తాలూకా అని. ఇంటిపేరేంటండీ అని. జవాబు చెప్పినాక నవ్వు అట్టాగే ఉంటుందంట, మళ్లీ వారం ఫోన్ మాత్రం రాదంట. చెప్పి చెప్పి, చివరికి అడిగాడు. 'నువ్వు ఒంగోల్లో ఇల్లు అద్దెకి దిగేటప్పుడు ఏం చెప్పావురా?'

నేను కుక్కిన పేనయ్యాను. ఇంటాయన 'మాస్టారూ, మీ ఇంటిపేరేంటండీ' అనడిగితే నేను ఒక ఊరి పేరు చెప్పాను. తెలుగువాళ్లకి ఊరి పేర్లే ఇంటిపేర్లవడం మామూలే గదా. ఆయన అదే ఇంటిపేరనుకున్నాడు. నేను దిద్దలేదు. ఎనిమిదో నెల్లో ఆయనకి సంగతి తెలిసింది. తొమ్మిదో నెల్లో మేం ఖాళీ చేశాం. ఆయన పొమ్మన్లేదు. నీళ్ల మోటారు వెయ్యడం మానేశాడు, అంతే. ఈ సంగతి అన్నకి నేనే చెప్పుకుని ఏడ్చాను. ఇప్పుడు ఆయన్నే దొంగ తోక అంటున్నాను.

అన్నకి జవాబు చెప్పాలంటే ముందు నేను చదువుకోవాలనుకున్నాను. ఎం.ఏ. చరిత్ర ప్రైవేటుగా కట్టి పాసయినవాణ్ణే గానీ ఈ చరిత్ర నాకెవరూ చెప్పలేదు. తెలుసుకున్నది మీకూ చెప్తాను.

అమెరికాలో పౌరసత్వంతో పాటే పేరు మార్చుకునే హక్కు 1906 చట్టంలో రాసుకున్నారు. పౌరసత్వం ఇచ్చే కోర్టే, దరఖాస్తుదారుడు కోరితే, పేరు మారుస్తూ ఉత్తర్వు ఇవ్వచ్చు. కొత్త పేరుతోనే సర్టిఫికెట్టు. 1990లో చట్టం మార్చి పౌరసత్వం ఇచ్చే పనిని అధికారులకి అప్పజెప్పారు గానీ, పేరు మార్చే అధికారం కోర్టు దగ్గరే ఉండిపోయింది. అందుకే పేరు మార్చుకునేవాడు జడ్జి ముందే ప్రమాణం చెయ్యాలి.

న్యూయార్కు రేవులో, ఎల్లిస్ ద్వీపంలో, గుమాస్తాలు వలస జనం పేర్లు పలకలేక ఇష్టమొచ్చినట్టు మార్చి రాశారని ఒక కథ ప్రచారంలో ఉంది. అది నిజం కాదని చరిత్రకారులు తేల్చారు. ఓడ బయల్దేరేటప్పుడు రాసిన జాబితా ముందుంచుకుని, అందులో ఉన్న పేరుతోనే వాళ్లు మనిషిని సరిచూసుకునేవాళ్లు. యూదులు, ఇటలీవాళ్లు, పోలండువాళ్లు చాలామంది పేర్లు మారాయి. అయితే తర్వాత, ఎక్కువగా తమకు తామే మార్చుకున్నారు. పాత పేరుతో ఉద్యోగం రాక, ఇల్లు దొరక్క మార్చుకున్నారు. మా వదిన 'పిల్లలకి బాధుండదు' అన్న మాట ఆమెది ఒక్కదానిదే కాదని నాకప్పుడు అర్థమైంది. మా విషయంలో మాత్రం గుమాస్తా కథ కథ కాదు. మా పేర్లు నిజంగానే వాళ్లు రాశారు, వాళ్లే వదిలేశారు.

బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్ల సంగతి ఇంకా దగ్గరగా ఉంది. బుకర్ వాషింగ్టన్ చిన్నప్పుడు బళ్లో చేరిన రోజు హాజరు పిలుస్తుంటే మిగతా పిల్లలందరికీ రెండేసి పేర్లున్నాయి. తనకి ఒకటే. తన వంతు వచ్చేలోపు ఆలోచించుకుని, వాషింగ్టన్ అని తనే కలిపి చెప్పాడు. ఇది తన ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు. ఆయన్ని కనీసం పేరేంటని అడిగారు. మా అన్నని సగమే అడిగారు.

ఇంతకీ ఈ పేరు మార్చుకునే హక్కు ఎవరికి? పౌరుడయ్యేవాడికి. పౌరుడయ్యేది ఎవరు? 1790 చట్టం ప్రకారం స్వేచ్ఛగల తెల్లవాడు. 1870లో ఆఫ్రికా సంతతివాళ్లని చేర్చారు. ఆసియావాళ్లకి తలుపు తియ్యలేదు. అక్కడే మనవాళ్ల కథ ఒకటుంది. భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. గదర్ పార్టీతో సంబంధాలున్నాయని అధికారులు ఆయన పౌరసత్వానికి అడ్డుపడ్డారు. కేసు అక్కడి సుప్రీంకోర్టు దాకా పోయింది. కోర్టులో ఆయన తరఫు వాదన ఏంటో తెలుసా? నేను ఆర్యుణ్ణి, ఉన్నత కులస్థుణ్ణి, కాబట్టి తెల్లవాణ్ణే. ఉన్నత కులంవాడు ఇక్కడి ఆదివాసిని పెళ్లి సంబంధం దగ్గర ఎంత దూరంగా పెడతాడో, అమెరికావాడు నల్లవాణ్ణి అంతే దూరంగా పెడతాడని గూడా ఆయన లాయర్లు పోలిక తెచ్చారు. అంటరానితనం పాటిస్తాం గనక మేం మీ సాటివాళ్లం అని దాని అర్థం. 1923 ఫిబ్రవరి 19న కోర్టు, మామూలు మనిషి తెల్లవాడంటే ఎవరనుకుంటాడో నువ్వు ఆ మనిషివి కావు అని కొట్టేసింది. అంతకుముందు పౌరసత్వం వచ్చిన భారతీయుల నుంచి గూడా దాన్ని లాక్కున్నారు. ఆ అవమానం భరించలేక వైష్ణో దాస్ బగాయ్ అనే ఆయన 1928లో ప్రాణం తీసుకున్నాడు. ఆ దుఃఖం నిజమైన దుఃఖమే. కానీ కులాన్ని టిక్కెట్టులా చూపించి లోపలికి పోవాలనుకున్న ఆ వాదనని మనం మర్చిపోగూడదు. థిండ్‌కి చివరికి 1936లో మాజీ సైనికుడిగా పౌరసత్వం వచ్చింది. భారతీయులందరికీ తలుపు తీసింది 1946 చట్టం. అదీ ఏడాదికి వందమందే రావాలన్న లెక్కతో.

ఆ తీర్పుకి ఏడేళ్ల ముందు, 1916లో, అదే దేశంలో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఒక పాతికేళ్ల కుర్రాడు కులం గురించి పత్రం చదివాడు. హిందువులు వేరే దేశాలకి పోతే కులం గూడా ప్రపంచ సమస్య అవుతుందన్న హెచ్చరిక అందులో ఉంది. ఆయన అంబేద్కర్. ఆయన తండ్రి ఇంటిపేరు సక్‌పాల్. అంబేద్కర్ అన్నది బళ్లో మేష్టరు మార్చి రాసిన పేరని చెప్తారు. ఆ పేరుకి ఇవ్వాళ ఉన్న విలువ ఆయన తెచ్చిపెట్టిందే.

మన హైదరాబాదులో మాదరి భాగయ్య ఉన్నాడు. గురువు పేరులో రెడ్డి చేర్చాడు. ఆర్యసమాజం 1913లో వర్మ అని బిరుదిచ్చింది. భాగ్యరెడ్డి వర్మ అయ్యాడు. ఈ పేరు చూసి నేను కుర్రతనంలో నవ్వుకున్నాను, తోకలు తగిలించుకున్నాడని. కానీ 1917లో బెజవాడలో పంచమ మహాసభ జరిగినప్పుడు, అధ్యక్షుడిగా ఆయన పంచమ అన్న మాటనే పక్కకి నెట్టించాడు. మేం ఐదోవాళ్లం కాదు, ఈ నేల మొదటివాళ్లం, ఆది ఆంధ్రులం అన్నారు. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరుని కాగితాల్లోకి తీసుకుంది. పౌరసత్వం, రాజ్యాంగం ఇంకా పుట్టకముందే మావాళ్లు ప్రభుత్వం చేత పేరు మార్పించుకున్నారు. ఒక్కొక్కడూ దాక్కోవడానికి కాదు, అందరూ కలిసి బయటపడటానికి.

నేను అన్నకి చెప్పింది ఇదే. పేరు మార్చుకోవడం తప్పు కాదు. మావాళ్లు ఎప్పుడూ మార్చుకున్నారు. దాక్కునే పేరా, బయటపడే పేరా అన్నదే లెక్క. దాక్కునేవాణ్ణి తిట్టే హక్కు నాకు లేదు. అద్దె ఇంట్లో నేనూ దాక్కున్నాను. మనిషిని దాక్కునేలా చేసినవాణ్ణి వదిలేసి, దాక్కున్నవాణ్ణి తిట్టడం నేను చేసిన పొరపాటు.

అన్న ఆలోచించుకుని రెండు వారాల తర్వాత చేశాడు. నవ్వుతున్నాడు. 'ఒరే, ఈ ఫారంలో ఇంకో ప్రశ్న ఉందిరా. నీకు వంశపారంపర్య బిరుదులేమైనా ఉన్నాయా, ఉంటే వదులుకుంటావా అని. ఉందని రాయనా? వెయ్యేళ్ల నుంచి ఉంది మనకి.'

నిజంగానే ఆ దేశపు చట్టం అది. రాజులిచ్చిన బిరుదులుంటే ప్రమాణంలో బాహాటంగా వదులుకోవాలి. మన రాజ్యాంగంలో గూడా 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేస్తే, పక్కనే 18వది బిరుదుల్ని రద్దు చేసింది. కానీ ప్రభువులూ బ్యారన్లూ వదులుకోవాల్సిన చోట రెడ్లూ చౌదర్లూ శర్మలూ రాజులూ దర్జాగా నడిచిపోవచ్చు. అవి ఆ చట్టం కంటికి ఇంటిపేర్లు. అక్కడ కులం కంటికి కనపడ్డం ఈమధ్యే మొదలైంది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షని నిషేధించింది. అదే ఏడు అక్టోబరులో కాలిఫోర్నియా శాసనసభ దాటిన బిల్లుని గవర్నరు ఆపేశాడు.

2019 వేసవిలో అన్న కోర్టు హాల్లో, ఎన్నో దేశాలవాళ్ల మధ్య నిలబడి కుడిచెయ్యి ఎత్తాడు. ఆ క్షణాన మన 1955 చట్టం ప్రకారం భారత పౌరుడు కాకుండా పోయాడు. అది చెప్పేటప్పుడు ఆయన గొంతు జీరబోయింది. పేరు మార్పు కాగితం మీద జడ్జి సంతకం చేశాడు. మూడక్షరాల 'తెలియదు' పోయింది. ముందు పేరు గడిలోకి ఆయన సొంత పేరొచ్చింది. ఇంటిపేరు గడిలో యాకోబు అని రాయించుకున్నాడు. జేకబ్ అని రాస్తే అమెరికావాళ్లలో కలిసిపోవచ్చు, అట్టా రాయలేదు. తాతని మా పల్లె ఎట్టా పిలిచిందో అట్టాగే, యాకోబు. పండగ భోజనాల్లో తెలుగువాళ్లకి ఇక ఊరూ తాలూకా అడిగే పని లేదు. ఆయన తన ముందు పేరు రాయొద్దన్నాడు, పిల్లలింకా చదువుకుంటున్నారు. తాత పేరు మాత్రం రాయమన్నాడు.

ఇదంతా గెలుపు కథ అని చెప్పను. పెద్ద పాప మొదట్లో నాలుగు రోజులు తండ్రితో మాట్లాడలేదు. పెదనాన్న పోయాక ఎకరం చెక్క వారసత్వం కోసం అన్న వస్తే, ఒక ఆఫీసులో పాత పేరు మనిషీ కొత్త పేరు మనిషీ ఒకడేనని రుజువేంటన్నారు. కోర్టు కాగితం చూపిస్తే ఇంగ్లీషు చదివి పక్కన పెట్టారు. సాక్ష్యానికొచ్చిన మా ఊరి పెద్దాయన కాగితం చూడకుండానే, 'ఎవడోనేంది, మా యాకోబుగాడి మనవడే గదా' అన్నాడు. గుమాస్తా అదే రాసుకోబోయాడు. నేను అడ్డం పడ్డాను. 'యాకోబయ్యగారి మనవడు అని రాయండి సార్' అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినపడింది. పెద్దాయన నా వంక చూశాడు. గుమాస్తా కలం కాసేపు ఆగింది. రాశాడు.

ప్రతి జూన్‌లో నా ముందు అడ్మిషన్ రిజిస్టరు ఉంటుంది. కూలి మానుకుని బిడ్డ చెయ్యి పట్టుకొచ్చిన తల్లి బయటే నిలబడుతుంది, ఎవరూ చెప్పకపోయినా. లోపలికి రమ్మంటాను. కుర్చీ వేస్తాను. పేరేం రాయమంటావమ్మా అని అడుగుతాను. ముద్దుపేరు చెబితే, జీవితాంతం ఇదే ఉంటుంది, ఇష్టమేనా అని మళ్లీ అడుగుతాను. ఇంటిపేరు చెప్పమంటాను. చాలామంది తడబడతారు. 'మాకెందుకు సార్ అయ్యన్నీ' అంటారు. నేను కలం మూసి కూర్చుంటాను. ఆమె ఆలోచించుకునేదాకా కూర్చుంటాను. వెనక వరస పెరుగుతుంది. పెరగనీ.